వంటయింటి ముచ్చట: ఇటలీవారి ఉడికిన మీగడ



ఈ నెల ముచ్చటకు విషయమును నేను వెదకుకొనలేదు. అదియే జాబు రూపమున నాయొద్దకు వచ్చినది. ఒక సోదరి ఇట్లు వ్రాసినారు. వారి యింట మనుమరాలి పుట్టినరోజునాడు అంగడినుండి తెల్లని చల్లని తీపివంటక మొకటి చిన్న గిన్నెలలో వచ్చినదట. దాని పేరు పన్నా కోటా. జన్మమెత్తి మాంసము ముట్టని వారి యత్తగారు ఎనుబది యేండ్ల వృద్ధురాలు. నోట దంతములు లేనందున ఆ మెత్తని వంటకమును మిక్కిలి మెచ్చి రెండవమారు అడిగి తినిరట. మరునాడు మనుమడొకడు డబ్బాపై నున్న చిన్న యక్షరములు చదివి, అందులో జెలటిన్ కలదని యందరియెదుట చెప్పెను. జెలటిన్ అననేమో ఆమెయే అడిగి తెలిసికొనిరి. ఎవ్వరి నొక్కమాట యనలేదు. ఆ దినమున భోజనమునకు మాత్రము లేవలేదు. “ఆమె నిశ్చింతగా తినదగిన విధమున దానిని మన యింట చేయుట సాధ్యమా, లేక మనకు తగని వస్తువని విడిచిపెట్టవలసినదేనా?” అని యా సోదరి ప్రశ్న.

ఇంత చిన్న విషయమునకు భోజనము మానవలెనా యని నవ్వువారు కొందరుందురు. నేను నవ్వజాలను. ఎనుబదియేండ్లు ఒక నియమమును కాపాడుకొనినవారికి అది చిన్న విషయము కాదు. అదియునుగాక, ఆ యవ్వకు కష్టము కలిగించినది జిహ్వ కాదు. తన చేతికి గిన్నె నిచ్చినవారు అందేమున్నదో తెలిసికొనకయే యిచ్చిరను సంగతి. పెట్టువారిని నమ్మియే కదా తినువారు కన్నుమూసి తినుట! కావున ఆమెకు తగిన సమాధానము వంటయింటిలోనే దొరకవలెను. దొరకును గూడ. ముందుగా ఆ వంటక మెక్కడిదో, దానిని నిలబెట్టునది యేదో చూతము.

ఇటలీదేశమునకు వాయవ్యమున ఆల్ప్సు పర్వతముల నానుకొని పియెమోంతె యను సీమ కలదు. ఆ పేరునకు అర్థము కొండపాదమని. పో నది యా కొండలలోనే పుట్టి టొరీనో నగరము ప్రక్కగా పారును. పచ్చిక, పశువులు, పాలు సమృద్ధిగా గల ప్రదేశము గనుక అక్కడి వంటలలో వెన్నయు మీగడయు ధారాళముగా పడును. ఈ తీపివంటకము ఆ సీమదే. వారి భాషలో పన్నా యనగా మీగడ. కొత్తా యనగా ఉడికించినది. ఇటలీవారు ఆ మాటను మన తెలుగు ‘కొత్త’ వలెనే పలుకుదురు. మన హోటళ్లలో నది ‘కోటా’ యైనది. ఉడికిన మీగడ యనుటలో దాపరికమేమియు లేదు. వంటకమంతయు ఆ రెండు మాటలలోనే యున్నది.

ప్రాచీనమని చెప్పుకొనుటయే గాని, ఈ పేరుతో నిది యిటలీ దేశపు వంటపుస్తకములలో విరివిగా కానవచ్చుట 1960 తరువాతి మాట. లంగె యను ద్రాక్షకొండలలో నివసించిన హంగేరీ వనిత యొకతె దీనిని కల్పించెనని యొక కథ చెప్పుకొందురు. కథలు వంటలకుగూడ అలంకారమే. పియెమోంతె సీమవారు 2001లో తమ సంప్రదాయాహారముల పట్టికలో దీనిని చేర్చుకొనిరి. దీనికంటె మిక్కిలి పాతది సిసిలీ ద్వీపమున బాదముపాలతో చేయు బియాంకోమంజారె, అనగా తెల్లని తిండి. అది పిండితో గట్టిపడును. పియెమోంతెవారిదానికి పిండి లేదు, గ్రుడ్డు లేదు. పాలు, మీగడ, పంచదార, వనిల్లా. వీనిని కదలకుండ నిలుపుటకు రవ్వంత జెలటిన్. అచ్చునకు అడుగున మాడ్చిన పంచదారపాకము పోయుట యచ్చటి వాడుక. అడవిలో దొరకు పుల్లని చిన్నపండ్లతోగాని, మగ్గిన పీచుపండ్లతోగాని వడ్డించుట తరువాత లోకమంతట వ్యాపించిన పద్ధతి.

జెలటిన్ అనునది పశువుల తోళ్లను, ఎముకలను చిరకాలము ఉడికించి తీసిన జిగురు. మన దేహమున కండను ఎముకకు పట్టియుంచు పదార్థమే నీట కరగి యట్లగును. శుద్ధిచేసిన పిదప దానికి రంగు లేదు, రుచి లేదు, వాసనయు లేదు. ఇందువలననే అది యెక్కడ దాగియున్నను నాలుకకు తెలియదు. దాని గొప్పతనమును మాత్రము దాచనేల? ముప్పది, ముప్పదియైదు డిగ్రీల వెచ్చదనమునకే యది కరగును. మన నోటి వెచ్చదనము అంతకు మించినది. కావున చెంచాలో నిలిచిన తునక నాలుకమీద పెట్టినంతనే పాలై పోవును. పన్నా కోటాకు లోకమున గల కీర్తియంతయు ఆ కరగుటయే.

ఆ గుణమే మన దేశమున దోషమగుటయు గమనింపుడు. వైశాఖమాసమున బెజవాడలో నీడపట్టుననే నలువది డిగ్రీలు దాటుచుండును. ఫ్రిజ్జునుండి తీసిన గిన్నె పంక్తి చివరకు చేరులోపల అచ్చులోని వంటకము తీర్థమగును.

దీనికి ప్రత్యామ్నాయము సముద్రపు నాచునుండి తీసిన పదార్థము. మన అంగళ్లలో చైనా గ్రాస్ అని తెల్లని పీచుకట్టలుగా అమ్మెదరు. పొడిగా నున్నచో అగర్ అగర్ అని వ్రాసియుండును. పేరు చైనాదైనను, గడ్డి యన్నను, అది చైనాకు చెందిన గడ్డి కాదు. ఎఱ్ఱనాచు జాతులలో కొన్నిటిని ఉడికించి, వడిచి, ఎండబెట్టినది. అగర్ అగర్ అను మాట మలయాభాషలోనిది. మన దేశముననే తమిళసీమలో రామనాథపురము జిల్లా తీరగ్రామముల స్త్రీలు మన్నారు సింధుశాఖలో మునిగి ఈ నాచును చేతులతో కోసి తెచ్చెదరు. రాళ్లమీద కాళ్లు కోసికొనకుండ రబ్బరు చెప్పులు తొడిగికొని, వ్రేళ్లకు గుడ్డపీలికలు చుట్టుకొని నీట దిగుట వారి నిత్యకృత్యము. మనము చిటికెడు పొడి పాలలో వేయునప్పుడు ఆ చేతులను తలచుకొనుట తప్పుగాదు.

ఈ అగరును గూర్చి సోదరీమణులు తప్పక వినదగిన వృత్తాంత మొకటి కలదు. 1881 ప్రాంతమున జర్మనీదేశమున వాల్థర్ హెస్సె యను వైద్యుడు, బెర్లిను నగరమున రాబర్టు కోఖ్ మహాశయుని పరిశోధనశాలలో సూక్ష్మజీవులను పెంచి పరిశీలించుచుండెను. వానిని పెంచుటకు వారు జెలటిన్ కలిపిన మాంసరసమును గాజుపళ్లెములలో గట్టిపరచుచుండిరి. వేసవి వేడిమికి అవి కరగిపోవుచుండెను. వేడిమి లేనప్పుడు సయితము కొన్ని సూక్ష్మజీవులు జెలటిన్‌ను జీర్ణము చేసికొని నీరు చేయుచుండెను. నెలల శ్రమ పళ్లెములో నీరగుట చూచి యా వైద్యుడు తన భార్యను అడిగెనట: “నీవు చేయు జెల్లీలు, పుడ్డింగులు ఇంత ఎండలోను నిలిచియుండుటకు కారణమేమి?” ఆమె పేరు ఫానీ హెస్సె. పుట్టినది 1850లో న్యూయార్కు నగరమున. అక్కడ బాల్యమున జావానుండి వచ్చి స్థిరపడిన పొరుగింటివారివలన ఆమె అగర్ వాడుక నేర్చెను. ఆ మాట చెప్పెను. అంతటితో పరిశోధనశాల కష్టము తీరెను. 1882లో కోఖ్ తాను క్షయరోగకారకమును కనుగొనిన సంగతి ప్రకటించుచు అగరును వాడితినని యొక్క వాక్యమున వ్రాసెనుగాని, ఆ యుపాయము చెప్పిన యిల్లాలి పేరు వ్రాయలేదు. నేటికిని లోకమందలి ఆసుపత్రులలో రోగి రక్తమునో మూత్రమునో పరీక్షింప పళ్లెములలో పోయునది అగరే. వంటయింటి తెలివి పాండిత్యము కాదని యెవరైన అన్నప్పుడు ఈ కథ నేను మా పిల్లలకు చెప్పుచుందును. మావారు తమ బడిలోని పిల్లలకు గూడ చెప్పిరి.

ఇంతకును ఆ వైద్యుని బాధలు రెండే: ఎండకు కరగుట, జీర్ణమై నీరగుట. మన బాధలును ఆ రెండే. ఎండమాట చెప్పితిని. రెండవది పండ్ల విషయము. పచ్చి అనాసపండు, బొప్పాయి, కివీ, అంజూరము, పచ్చి అల్లము, వీని రసములో మాంసకృత్తులను త్రెంచు గుణము కలదు. ముదురు మాంసమును మెత్తపరచుటకు బొప్పాయికాయ ముక్క వేయుట వండువారందరు ఎరిగినదే. ఆ గుణమే జెలటిన్‌ను నీరుచేయును. అగర్ మాంసకృత్తు కాదు గనుక ఆ పండ్ల రసము దాని నేమియు చేయజాలదు. ఎనుబది, ఎనుబదియైదు డిగ్రీల వేడి తగిలినగాని అది కరగదు. ఉష్ణదేశమున, అనాసయు బొప్పాయియు పండు దేశమున, శాకాహారుల యింట అగర్ వాడుట లోటు తీర్చుకొనుట యనిపించుకొనదు. అది మన దేశమునకు తగిన పద్ధతియే.

ఇక చేయు విధము. అయిదుగురికి సరిపడు కొలత చెప్పుచున్నాను. చిక్కని పాలు 250 మిల్లీలీటర్లు, మీగడ 250 మిల్లీలీటర్లు, పంచదార 60 గ్రాములు, అగర్ పొడి 2 గ్రాములు, అనగా టీచెంచాలో ముప్పాతిక. పీచుగా దొరకు చైనా గ్రాస్ అయినచో 4 గ్రాములు. పది గ్రాముల పొట్లములో సగమునకు కొంచెము తక్కువ. వనిల్లాకాయ దొరకినచో సగము చీల్చి గింజలు గీకి పాలలో వేయుట. లేనిచో సత్తు నాలుగు చుక్కలు చివరను కలుపుట.

మీగడను గూర్చి కొంత చెప్పవలెను. ఇటలీవారి పన్నాలో నూటికి ముప్పదియైదు పాళ్లు వెన్న యుండును. మన అంగడిలో పెట్టెలలో వచ్చు క్రీములో నిరువదియైదు పాళ్లకు లోపుగానే యుండును. ఫలితము కొంచెము పలుచనైనను చెడదు. గేదెపాలు వాడినచో ఆ లోటు చాలవరకు తీరును. ఇంటి మీగడ వాడదలచినవారు ఆనాటిది గాని ముందటినాటిది గాని తీయని మీగడనే తీసికొని, రెండు గరిటెల చల్లని పాలతో మెదిపి, జల్లెడలో వడకట్టవలెను. వెన్నకై వారమునుండి కూడబెట్టిన, తోడు తగిలిన మీగడ పనికిరాదు. దాని పులుపునకు పాలు విరుగును. క్రీము బదులు పాలను సగమునకు మరగించి చిక్కపరచుద మనుకొందురు కొందరు. అది మంచి వంటకమే కాని వేరొక వంటకము. మరగిన పాలవాసనతో అది బాసుంది యగును. ఈ కారణముననే ఏలకులపొడియు కుంకుమపువ్వును ఇందు వలదనుచున్నాను. పచ్చి మీగడ యొక్క నిర్మలమైన రుచి కొఱకే కదా యీ ప్రయాస!

అగర్ పొడిని చల్లని పాలలోనే చల్లి పది నిమిషములు నాననిండు. వేడిపాలలో వేసినచో ఉండలు కట్టును. తరువాత సన్నని సెగమీద పెట్టి, గరిటె గిన్నె యడుగును తాకునట్లు కలుపుచు పొంగు రానిచ్చి, ఆ పొంగును మూడు నిమిషములు నిలుపవలెను. ఇది ముఖ్యము. జెలటిన్ మరగినచో బలము తగ్గును. అగర్ మరగనిచో బలమే రాదు. ఒకదాని యలవాటుతో రెండవదానిని చేయువారికి పని చెడుట యిందువలననే. పీచు వాడువారు దానిని కత్తెరతో త్రుంచి, అరగంట నీట నానబెట్టి, పావుగిన్నె నీటిలో పూర్తిగా తేటపడువరకు విడిగా కరగించి, వడకట్టి మరగుచున్న పాలలో పోయవలెను. పంచదార యప్పుడే వేయుడు.

ఈలోపల రెండవ పొయ్యిమీద మీగడను వ్రేలు ముంచిన వెచ్చగా తోచువరకు మాత్రము కాచి యుంచవలెను. ఫ్రిజ్జునుండి తీసిన మీగడను అట్లే పాలలో పోసినచో, అగర్ చలి తగిలినచోటనెల్ల పేరుకొని దారములు దారములుగా విడిపోవును. పాలగిన్నె దించి, వెచ్చని మీగడ పోసి, రెండు మూడు నిమిషములు మెల్లగా కలిపి, వడకట్టుడు.

గిన్నెలలో పోయుటకు ముందు పరీక్ష. ఒక చిన్న పళ్లెమును ముందుగానే ఫ్రిజ్జులో నుంచి, దానిపై ఒక చెంచెడు మిశ్రమము పోసి అయిదు నిమిషములు మరల లోపల పెట్టి చూడుడు. మన యలంకారికులు కవిత్వమునకు చెప్పిన పాకములు మూడును ఇచ్చట కంటికి కనబడును. వ్రేలితో నొత్తినపుడు ఎదిరించి, కత్తికి చెక్కలుగా తెగినచో నారికేళపాకము: అగర్ ఎక్కువైనది. హోటళ్లలో చతురస్రములుగా కోసి పెట్టునది ఇదియే. వంగి, తునిగి, నమలుటకు కొంత పని పెట్టినచో కదళీపాకము. తాకగనే వణకి, నాలుకమీద పెట్టగనే విచ్చిపోయినచో ద్రాక్షాపాకము. మనకు కావలసినది ఈ కడపటిది. అగర్ నోట కరగదని ముందే చెప్పితిని. కరగుటకు బదులు విచ్చిపోవునట్లు చేయుటయే నేర్పు. అందులకు ఉపాయము అగర్ తగ్గించుటయే గాని వేరు లేదు. పొట్లముపై వ్రాసిన కొలతలు జెల్లీముక్కలకు వ్రాసినవి, వానిని నమ్మవలదు. ఒక్కొక్క అంగడి సరకు బలము ఒక్కొక్క తీరు. గట్టియైనచో అరగిన్నె పాలు చేర్చి, పలుచనైనచో చిటికెడు పొడిని కొంచెము పాలలో విడిగా మరగించి కలిపి, మరల సెగ చూపవచ్చును. జెలటిన్‌లో ఇట్టి దిద్దుబాటు ఇంత సుళువు కాదు. పీచు నమలజాలని ముసలివారికి, పసిపిల్లలకు పెట్టునప్పుడు ద్రాక్షాపాకమే కావలెను. రబ్బరువలె గట్టిపడిన జెల్లీముక్క గొంతున అడ్డుపడు ప్రమాదము కలదు.

పాకము కుదిరిన పిమ్మట చిన్న గిన్నెలలో పోసి, గదిలో చల్లారనిచ్చి, మూతపెట్టి మూడుగంటలు ఫ్రిజ్జులో నుంచవలెను. ముప్పదియైదు, నలువది డిగ్రీల కడనే అగర్ పేరుకొనును గనుక మన కన్నులయెదుటనే గట్టిపడుట చూడవచ్చును. పిల్లలు కదపకుండ చూచుకొనుడు. పేరుకొనుచుండగా కదిపినచో పగిలిన పెరుగువలె నగును.

పండ్లలో నేడు బంగినపల్లి మామిడికి మించినది నేను చూడలేదు. పీచులేదు, పులుపు చాలినంత యున్నది, చిన్నముక్కలు కోసి పచ్చివే పైన వేయవచ్చును, ఉడికింప బనిలేదు. రసాలమామిడి రసము పోసినను బాగుండునుగాని దానికి పంచదార చేర్చవలదు. తాటిముంజలు అదే ఋతువున వచ్చును. లేతముంజ కంటికిని చేతికిని ఈ వంటకమునకు కవలపిల్లవలె నుండును. కాని పులుపు లేదు. తెల్లనిదానిపై తెల్లనిది, తీయనిదానిపై తీయనిది; అందుచేత రెండుచుక్కల నిమ్మరసమును, నాలుగు దానిమ్మగింజలును తోడుండవలెను.

తొలకరి వానలతో నేరేడు వచ్చును. నా మతమున ఇటలీవారి అడవిపండ్లకు సరియగు జోడు మన నేరేడే. పావుకిలో పండ్లను చిటికెడుప్పుతో, పావుగిన్నె నీటితో పది నిమిషములుడికించి, చేతితో మెదిపి గింజలు తీసి, గుజ్జును జల్లెడపట్టి, మూడు పెద్దచెంచాల పంచదారతో మరల చిక్కపడువరకు కాచవలెను. ఆ వగరును, ఆ నీలపు రంగును తెల్లని మీగడమీద పడినపుడు చూచువారి కన్ను త్రిప్పుకొనజాలదు. పాకము పూర్తిగా చల్లారిన తరువాతనే పోయుడు.

శరత్తున సీతాఫలము. గుజ్జును వేడిచేసినచో చేదగును గనుక గింజలు తీసి పచ్చిదే పైన వేయవలెను. అనాసపండు చెప్పితిని గదా: అగరును చెరుపకపోయినను పాలను చెరుపును. పచ్చి అనాసముక్కలు మీగడమీద గంటసేపున్నచో పాలలోని మాంసకృత్తులు విరిగి చేదు పుట్టును. ముక్కలను పంచదారతో పది నిమిషములు ఉడికించినచో ఆ గుణము నశించును. బొప్పాయిని వడ్డించునప్పుడే వేయవలెను. అల్లూరి సీతారామరాజు జిల్లాలోని లంబసింగి చలిప్రదేశమున పండించు స్ట్రాబెర్రీలు చలికాలమున దొరకినచో ఒక్కపూట పంచదార చల్లి ఊరనిండు, వేరు పాకమక్కరలేదు. నారింజ, బత్తాయి రసములను పాలతో కలిపి కాచుట మాత్రము ఎవ్వరును చేయవలదు.

జెలటిన్‌తో చేసికొను ఇండ్లును మన పాఠకురాండ్రలో నున్నవి. వారి నియమము వారిది. అందు తప్పెన్నుటకు మనకు అధికారము లేదు. వారికొక మాట: పై కొలతకు జెలటిన్ 5 గ్రాములు చాలును, చల్లని నీట పది నిమిషములు నానబెట్టి, పాలు మీగడలను కాచి దించిన పిదప కలుపవలెను, రాత్రి చేసి ఉదయము వడ్డించుట మేలు. ఐతే జెలటిన్ ఆవుదో పందిదో చేపదో పొట్లము చూచి తెలిసికొనుడు. పొరుగింటి సాయెబుగారి బిడ్డలకు పెట్టునప్పుడు ఆ ప్రశ్న మనకు వచ్చినదే వారికిని వచ్చును.

అంగడినుండి తెచ్చునప్పుడు శాకాహారమునకు గుర్తైన పచ్చచుక్కను చూచుట అలవాటు చేసికొనవలెను. అది లేనిచో లోపలి పదార్థముల పట్టిక చదువవలెను. హోటలులో పట్టిక యుండదు. అక్కడ అడుగవలెను. అడుగుటకు సిగ్గుపడు నాడపడుచులను నేనెరుగుదును. పలుకుబడి తక్కువ యనుకొందురేమో యని వారి సంకోచము. వడ్డించువాడు లోపలికి పోయి వంటవానిని అడిగి వచ్చుటకు రెండు నిమిషములు పట్టును. ఆ రెండు నిమిషముల సంకోచమునకు వెరచి పెద్దవారి నోటిలో తెలియనిది పెట్టరాదు. పిల్లలు తెచ్చినదైనచో వారిని కోపింపక, డబ్బా చదువుట వారికే అప్పగింపుడు. చిన్న యక్షరములు వారి కన్నులకే బాగుగా కనబడును. జాబు వ్రాసిన సోదరికి నేను చెప్పున దిదియే: చైనా గ్రాస్ కట్టను ముందుగా మీ యత్తగారి చేతికిచ్చి, ఇది సముద్రపు నాచని చెప్పి, నానబెట్టుట మొదలు వారియెదుటనే చేయుడు. ఏకాదశినాడు తినవచ్చునా యన్న మాట వారే తేల్చుదురు.

అచ్చునుండి పళ్లెములోనికి బోర్లింపదలచినవారు గిన్నె యడుగును వేడినీట పది లెక్కపెట్టునంతసేపు ముంచి, అంచువెంట పలుచని చాకు త్రిప్పి, పళ్లెము మూతవేసి ఒక్కమారు తలక్రిందు చేయవలెను. ద్రాక్షాపాకమైనది బోర్లించినపుడు కొంచెము క్రుంగును. అది దోషము కాదు. నిట్టనిలువుగా నుండవలెనన్నచో మరి అరగ్రాము అగర్ చేర్పుడు, రుచి కొంత తగ్గినను సమ్మతమైనచో. మా యింట గిన్నెలలోనే వడ్డింతుము. మరునాటికి అంచులయందు కొద్దిగా నీరూరును. దానిని వంచివేసి తినవచ్చును. మూడవనాటికి మాత్రము నిలువయుంచకుడు. పండ్లను వడ్డించు వేళకే కలుపుడు. రాత్రి వేసిన దానిమ్మగింజలు తెల్లవారునప్పటికి మీగడనంతయు గులాబి చేసి తాము పాలిపోవును.